ముక్క పరీక్ష చాలు

తమ్ముడూ,

ఫోటోలు చూశాను. మీ గుంటడి కింది పెదవి లోపల, బుగ్గల లోపల బుడిపెలు మెత్తగా, చుట్టూ ఉన్న చర్మం రంగులోనే ఉన్నాయి. పెదవి సాగదీస్తే కలిసిపోతున్నాయని, నొప్పి లేదని రాశావు. డాక్టరుగారు హెక్ వ్యాధి కావచ్చన్నారంటే సబబైన అనుమానమే. 1965లో అమెరికా ఆదివాసీ పిల్లల్లో చూసి దీని గురించి రాశారు. మన దేశంలో అరుదు. హెచ్‌పీవీ అనే వైరస్‌లో 13, 32 రకాల వల్ల వస్తుంది. ఆ మూడక్షరాలు వినగానే మరదలు ఏడ్చిందన్నావు. హెచ్‌పీవీలో రెండు వందలకు పైగా రకాలున్నాయని, క్యాన్సర్‌కు పేరుమోసిన 16, 18 వేరని ఆమెకు చెప్పు. ఇది ఎంగిలి వల్ల ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటేది. నెలలకో, ఏళ్లకో దానంతటదే పోతుంది.

పరీక్షకు ఏ ల్యాబుకు వెళ్లాలని అడిగావు. నరసన్నపేటలో రక్తం, మూత్రం చూసే ల్యాబుల చుట్టూ తిరగకు, ఇది రక్తంలో దొరికేది కాదు. ఎవరైనా 'హెచ్‌పీవీ టెస్టు' ఉందంటే ఏ రకాలు చూస్తారో అడుగు. ఆడవాళ్ల గర్భాశయ ముఖద్వారానికి చేసే పరీక్షలు 16, 18 లాంటి ప్రమాదకరమైన వాటినే వెతుకుతాయి. 13, 32 వాటికి కనబడవు. నెగెటివ్ వచ్చినా నీకేమీ తెలిసినట్టు కాదు, డబ్బు మాత్రం పోతుంది. ఇన్నేళ్లు ల్యాబులో పనిచేసినదాన్ని, అక్కరలేని టెస్టులంటే నాకు ఒళ్లు మంట.

కావలసింది ముక్క పరీక్ష. అదైనా డాక్టరు చూసి అవసరమంటేనే. శ్రీకాకుళం పక్క చాపురంలో శ్రీ సాయి డెంటల్ కాలేజీ ఉంది. ఓపీలో ఓరల్ మెడిసిన్ వాళ్లకు చూపించు. వాళ్లే ఒక బుడిపె దగ్గర మత్తు సూది వేసి చిన్న ముక్క తీయిస్తారు, ఓరల్ పాథాలజీ వాళ్లు మైక్రోస్కోపు కింద చూస్తారు. అక్కడ కుదరకపోతే విశాఖలో గీతం డెంటల్ కాలేజీ. ఊళ్లోనే ఎవరైనా ముక్క తీస్తే మాత్రం వెంటనే పది శాతం ఫార్మలిన్‌లో, ముక్కకు పదింతలైనా ద్రవం ఉండేలా వేయించు. దూదిలో చుట్టి పట్టుకెళితే ఎండిపోయి ఎందుకూ పనికిరాదు. సీసా మీద పేరు, వయసు, ఎక్కడ తీశారో రాయించు. రిపోర్టుకు కొన్ని రోజులు పడుతుంది. వైరస్ రకం తేల్చే పీసీఆర్ పరిశోధనలకు పనికొస్తుంది గానీ వైద్యాన్ని మార్చదు. దానికోసం హైదరాబాద్ పరుగెత్తకు.

బడి మాన్పించొద్దు. గ్లాసు, బ్రష్షు విడిగా పెట్టండి. తింటుంటే పళ్ల కింద పడుతున్నవి ఏవైనా ఉంటే డాక్టరుకు చెప్పు, వాటిని తీసేస్తారు.

నిజానికి నాకు దిగులు మీ అత్తగారి నోటి మీద. ఆవిడ ఇంకా అడ్డపొగే కదా తాగుతున్నది? నిప్పు లోపల పెట్టుకునే ఆ చుట్ట వల్ల అంగిలి మీద వచ్చే మచ్చలు చూడటానికే 1971లో అచ్చయిన అధ్యయనంలో మన జిల్లా పల్లెల్లో పది వేలమందికి పైగా నోళ్లు పరీక్షించారు. అక్కడ కనిపించే తెల్లదనం, ఎర్రదనం, మానని పుండు క్యాన్సర్‌కు దారి తీయొచ్చు. గుంటడితో పాటు ఆవిణ్ణీ అదే ఓపీకి బస్సెక్కించు. రానంటే, మనవడికి తోడుగా రమ్మన్నానని చెప్పు.

ఇట్లు,
మీ అక్క