బంగారమా? పూలదండా?

నేలకొండపల్లి దగ్గర పాత బౌద్ధ స్తూపం ఉంది. ఇటుకలతో కట్టినది. అక్కడ తవ్వితే బావులు, నీటి తొట్లు, మట్టి బొమ్మలు, బుద్ధుని కంచు విగ్రహం దొరికాయి.

ఆ ఊళ్లో ఒక రాత్రి కోడలు పుస్తకం తెరిచింది. అత్త పక్కన కూర్చుంది.

"అమ్మాయ్! నీ మొగుణ్ని ఎవరో తవ్వకానికి పిలిచారంట. రాత్రి పూటే తవ్వాలంట. పాత సమాధుల కింద రాజుల బంగారం ఉంటదంట. నిజమేనా?"

"ఈ పాఠంలో అదే ఉందత్తా. విను."

కోడలు కూడబలుక్కుని చదివింది.

ఈజిప్టు చాలా దూరపు దేశం. చచ్చాక కూడా బతుకు ఉంటుందని పూర్వం అక్కడివారి నమ్మకం. అందుకే రాజుల సమాధుల్లో నగలు, మంచాలు, బట్టలు, చెప్పులు, తిండి పెట్టేవారు. దొంగలు చాలా సమాధులను దోచుకున్నారు.

1922లో టుటంఖామున్ అనే కుర్ర రాజు సమాధి దొరికింది. అది 3300 ఏళ్ల నాటిది. రాజు ముఖానికి తొడిగిన బంగారు ముసుగే 10 కిలోలు ఉంది. 5000కు పైగా వస్తువులు దొరికాయి. ఒక్కొక్కటి రాసుకుంటూ, ఫొటో తీస్తూ బయటికి తేవడానికి సుమారు పదేళ్లు పట్టింది.

శవపేటిక మీద ఎండిన పూలదండలు ఉన్నాయి. అవి ఏ కాలంలో పూసే పూలో చూశారు. రాజును మార్చి, ఏప్రిల్ నెలల్లో పూడ్చారని పండితులు లెక్క కట్టారు. బంగారం చెప్పని సంగతి పూలు చెప్పాయి.

"దొంగలైతే ఆ పూలు తొక్కేసి పోయేవాళ్లు" అంది అత్త.

"మన దగ్గరా అంతేనత్తా. పినపాక అడవిలో, జానంపేట దగ్గర రాకాసిగుళ్లు ఉన్నాయి కదా! అవి రాకాసులు కట్టినవి కావు. ఇనుము వాడిన పాతకాలపు మనుషుల సమాధులు. బండలు నిలిపి, పైన మూతబండ వేశారు. లోపల రాతి తొట్లు ఉన్నాయి. ఇట్లాంటి సమాధుల్లో ఎక్కువగా దొరికేది ఎముకలు, కుండలు, ఇనప పనిముట్లే. వాటిని చూస్తేనే వాళ్లెట్లా బతికారో తెలుస్తది. గడ్డపారతో పగలగొడితే ఏం తెలుస్తది?"

"మరి చేలో నిజంగానే బంగారం దొరికితే?"

"1878లో చేసిన చట్టం ఉంది. పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలి. దాచుకుంటే జైలు."

గుమ్మంలో కొడుకు అన్నీ విన్నాడు. చేతిలోని గడ్డపారను మూలన పెట్టాడు.

"రేపు నాట్లకే పోతానమ్మా" అన్నాడు.

ఆలోచించండి:
1. పూలదండలు ఏ సంగతి చెప్పాయి?
2. మీ ఊరి దగ్గర పాత కట్టడాలు ఏమున్నాయి?
3. రాత్రి పూట ఎవరైనా తవ్వుతుంటే మీరేం చేస్తారు?