కోచ్ ఉద్యోగాన్ని నమ్ముకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి వర్జీనియాలో చదువుతున్నాడు. కాలేజీ ఫుట్‌బాల్‌లో డిఫెన్స్ కోచ్ అవుతానంటున్నాడు. అది బతుకుదెరువు అవుతుందా?
– ఒక తల్లి

జవాబు: అవుతుందమ్మా, అయితే నిలదొక్కుకునే దాకా ఓపిక కావాలి. ఎక్కువమంది గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా మొదలుపెడతారు. చేతికొచ్చేది కొద్దిపాటి స్టైపెండే. ప్రత్యర్థి జట్టు వీడియోను ముందుకీ వెనక్కీ తిప్పుతూ, ఏ పరిస్థితిలో బంతి ఎటు వెళ్తుందో రాసిపెట్టడమే రోజూ పని. ఆ తర్వాత లైన్‌బ్యాకర్ల వంటి ఒక విభాగానికి కోచ్, ఆపైన మొత్తం డిఫెన్స్‌కి కోఆర్డినేటర్.

వర్జీనియాలోనే ఉన్నాడు కాబట్టి బడ్ ఫోస్టర్ అనే డిఫెన్స్ కోచ్ గురించి చదవమనండి. తను ఆడిన మర్రీ స్టేట్ యూనివర్సిటీలోనే కోచింగ్ మొదలుపెట్టి, 1987లో హెడ్ కోచ్ ఫ్రాంక్ బీమర్ వెంట వర్జీనియా టెక్‌కి వచ్చారు. 1995 నుంచి డిఫెన్స్ బాధ్యత చూశారు. గని కార్మికులు పట్టుకెళ్లేలాంటి, సొట్టలు పడ్డ రేకు లంచ్ డబ్బాను తన డిఫెన్స్‌కి గుర్తుగా పెట్టారు. దాన్ని మైదానానికి మోసుకెళ్లడం ఆటగాళ్లకు గౌరవంగా ఉండేది. 2006లో ఉత్తమ సహాయక కోచ్‌కిచ్చే బ్రాయిల్స్ అవార్డు అందుకున్నారు.

మామూలుగా హెడ్ కోచ్ మారితే సహాయకులూ సర్దుకోవాల్సిందే. అద్దె ఇల్లు, పిల్లల బడి, అన్నీ మళ్లీ మొదలు. మీరు భయపడాల్సింది దీనికే. ఫోస్టర్‌కి మాత్రం ఆ ఇబ్బంది రాలేదు. 2015 సీజన్ తర్వాత బీమర్ తప్పుకున్నా, కొత్తగా వచ్చిన హెడ్ కోచ్ ఆయన్ని వదులుకోలేదు. 2019 సీజన్ దాకా అక్కడే ఉన్నారు. అంత అదృష్టం అరుదు.

ముందు దగ్గర్లోని హైస్కూల్ జట్టుకు ఒక సీజన్ ఉచితంగా సాయపడమనండి. అప్పటికీ మనసు అక్కడే ఉంటే అడ్డుచెప్పకండి.