ఇంగ్లండులో సొంత వృత్తివారికి జూరీ పిలుపు

ఇంగ్లండునకు వచ్చి, కొన్నియేండ్లు ఒకరి క్రింద ఉద్యోగము చేసి, పిమ్మట ధైర్యము చేసి సొంత వృత్తిలో కాలూనిన తెలుగువారిని, తపాలాలో వచ్చు జూరీ పిలుపు కలవరపెట్టినంతగా మరియే ప్రభుత్వపత్రమును కలవరపెట్టదని నాకు తోచుచున్నది. పన్నుశాఖవారి యుత్తరమైనచో అకౌంటెంటు చేతిలో పెట్టవచ్చును. కౌన్సిలువారి యుత్తరమైనచో అడిగిన సొమ్ము చెల్లించి నిశ్చింతగా నుండవచ్చును. ఈ పత్రము మాత్రము సొమ్మును గాక మనిషినే రమ్మనుచున్నది, మన బదులు భార్యనో తమ్మునినో పంపుటకు వీలులేదు. సాధారణముగా పది పనిదినములు క్రౌన్ కోర్టునకు హాజరు కావలెనని యందుండును. ఉద్యోగియైనచో సెలవు చీటీ వ్రాసి బయలుదేరును. టాక్సీ నడుపువాడును, డ్రైవింగు నేర్పువాడును, ఇంటినుండి కేటరింగు చేయునామెయు, దినభత్యముపై కంప్యూటరు పని చేయు కాంట్రాక్టరును తాము కదలిననాడే రాబడి గలవారగుట చేత, ఆ పది దినములను తలచుకొని నిద్రకు దూరమగుదురు. అట్టివారికై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

పిలుపందిన తెలుగువాడు మొట్టమొదట అడుగు ప్రశ్న యొకటి కలదు. "నా చేతనున్నది భారతదేశపు పాస్‌పోర్టు, నేనీ దేశపు పౌరుడను గాను, నన్నేల పిలిచిరి?" అమెరికాలోనున్న బంధువులు, అక్కడ పౌరులు మాత్రమే జూరీలో కూర్చుందురని చెప్పియుందురు గనుక, ఇది యేదో పొరపాటని తలచి పత్రమును ప్రక్కన పెట్టినవారును కలరు. ఇది పొరపాటు కాదు. ఇచట జూరరుల నెన్నుకొనునది వోటర్ల జాబితానుండి, అదియు యాదృచ్ఛికముగా. కామన్‌వెల్తు దేశముల పౌరులకు, నివాసమునకు తగిన యనుమతి యున్నయెడల, బ్రిటన్‌లో వోటుహక్కు గలదు. భారతదేశము కామన్‌వెల్తులోనిది గావున, మనము కౌన్సిలువారి ఫారము నింపి వోటరుగా నమోదైన క్షణముననే జూరీకి అర్హులైనవారి గుంపులో చేరుచున్నాము. 1974 నాటి జూరీల చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండియుండవలెను; పదుమూడవ యేడు దాటిన తరువాత యెప్పుడైనను కనీసమైదేండ్లు ఈ దేశమున నివసించియుండవలెను; గరిష్ఠవయస్సు అంతకుమునుపు డెబ్బదిగా నుండగా 2016 చివర డెబ్బదియైదునకు పెంచిరి. బెయిలుపై నున్నవారును, కొన్ని శిక్షల ననుభవించినవారును అనర్హులు. నేను చెప్పునది ఇంగ్లండు, వేల్సుల సంగతి. స్కాట్లండులో చట్టము వేరు, అక్కడ జూరరులు పదునైదుగురు.

జూరీ బాధ తప్పించుకొనుటకై వోటరుగా నమోదు కాకుండుట మేలని కొందరు పెద్దలు క్రొత్తవారికి హితము చెప్పుచుందురు. ఆ హితము నాకు సమ్మతము కాదు. నమోదు కొరకు కౌన్సిలువారడిగిన వివరముల నీయకపోవుట చట్టవిరుద్ధము. పైగా ఇల్లు కొనుటకు ఋణమడిగినప్పుడు బ్యాంకువారు ఆ జాబితాలోని పేరును కూడ చూతురు. అన్నిటికంటె మించి, పరదేశములో మనకు దొరకిన వోటుహక్కును పది దినముల భయమునకు వదలుకొనుట యుచితము కాదు.

మన తరమునకు జూరీ యన్న సినిమాలలో చూచినదే తప్ప అనుభవములో లేదు. 1959లో బొంబాయిలో నావికాధికారి నానావతిపై హత్యానేరము విచారణకు రాగా, జూరరులు ఎనిమిదిమంది నిర్దోషియనియు, ఒకరు దోషియనియు తేల్చిరి. న్యాయమూర్తి యాతీర్పు నంగీకరింపక హైకోర్టునకు నివేదించెను. హైకోర్టు శిక్ష విధించెను. 1961లో సుప్రీముకోర్టు దానిని స్థిరపరచెను. భారతదేశములో అప్పటికే సన్నగిల్లుచున్న జూరీ పద్ధతి అటుపిమ్మట నిలువలేదు. 1973 నాటి నేరవిచారణస్మృతిలో దానికి చోటే లేకుండెను. ఇంగ్లండులో నట్లు గాదు. 1670లో లండనులోని ఓల్డ్ బెయిలీ న్యాయస్థానమున, వీధిలో మతబోధ చేసినందుకు విలియం పెన్, విలియం మీడ్ అను నిరువురిని విచారించినప్పుడు, వారిని దోషులని తేల్చుటకు నిరాకరించిన జూరరులను న్యాయాధిపతి రాత్రులు రాత్రులు అన్నపానములు లేక, చలిమంట లేక నిర్బంధించెను. అయినను వారు మాట మార్చుకొనలేదు. జరిమానా విధింపగా ఎడ్వర్డ్ బుషెల్ అనునాతడు, తోడివారు కొందరితో కలిసి, చెల్లింపనని చెఱసాలకు పోయెను. పై న్యాయస్థానమున వాఘన్ అను ప్రధానన్యాయమూర్తి, జూరరులిచ్చిన తీర్పునకై వారిని శిక్షించు నధికారము ఏ న్యాయాధిపతికిని లేదని నిర్ణయించెను. ఆ జూరరుల స్మారకఫలకము నేటికిని ఓల్డ్ బెయిలీలో గోడపై కలదు. సామాన్యులైన పండ్రెండుమంది, ఏ యధికారికిని జంకక, ఒక మనిషి స్వేచ్ఛను గూర్చి నిర్ణయించు నధికారము ఆనాటినుండి యిట్లు చెక్కుచెదరక వచ్చినది. ఆ పండ్రెండుగురిలో నొకనిగా భారతీయుని సైతము ఈ దేశము కూర్చుండబెట్టుచున్నదనుట చిన్న గౌరవము కాదు.

అయితే గౌరవము వలన ఇంటి అద్దె తీరదు గదా! కావున వ్యవహారమునకు వత్తము.

పిలుపందిన ఏడు దినములలోపల, దానిపైనున్న జూరరు సంఖ్య నుపయోగించి ఆన్‌లైనులోగాని, తపాలాలోగాని సమాధానమీయవలెను. సమాధానమీయకున్నను, పిలిచిననాడు రాకున్నను వేయి పౌండ్లవరకు జరిమానా కలదు. "నాది సొంత వ్యాపారము" అనునది మినహాయింపునకు చాలిన కారణము కాదు. 2004 ఏప్రిలుకు పూర్వము న్యాయవాదులు, వైద్యులు మొదలైనవారికి ప్రత్యేకమైన మినహాయింపులుండెను, అవియు తొలగింపబడినవి, ఇప్పుడు న్యాయమూర్తులకు సైతము పిలుపు వచ్చుచున్నది. చట్టము మనకిచ్చు వెసులుబాటు వేరొకటి: మానుట గాదు, వాయిదా. ఒక్కమారు మాత్రము, పండ్రెండు నెలలలోపలి మరియొక కాలమునకు మార్చుమని కోరవచ్చును. పూర్తిగా మినహాయింపుమని కోరువాడు, ఆ పండ్రెండు నెలలలో నెన్నడును రాజాలనని ఋజువు చూపవలసియుండును, అది బహుకష్టము. ఈ భేదమును గుర్తెరుగక, మినహాయింపు కోరి, నిరాకరింపబడి, వ్యాపారమునకు ముఖ్యమైన కాలములోనే కోర్టుకు పోవలసివచ్చినవారిని చూచి నేను జాలిపడితిని.

ఈస్ట్ హామ్‌లో నేనెరిగిన యొక సోదరి ఇంటివంటతో కేటరింగు నడుపుచున్నది. ఆమెకు పిలుపు సరిగా దీపావళి పక్షమునకు వచ్చినది. అరిసెలకు, సున్నుండలకు, కజ్జికాయలకు నెలముందే ఆర్డర్లు పుచ్చుకొని, బియ్యము నానబోయుటకు దినములు లెక్కించుకొనుచున్న సమయమది. ఆమె విలపింపలేదు, పత్రమును దాచలేదు. పండుగ తనకు మతపరముగాను, జీవనోపాధిపరముగాను ముఖ్యమని రెండు వాక్యములలో వ్రాసి, ఆర్డర్ల పుస్తకములోని పుటల నకలు జతపరచి, సంక్రాంతి వెళ్ళిన తరువాతి వారములలో నెప్పుడైనను వత్తునని తానే తేదీలు సూచించినది. అంగీకరించిరి. జనవరి ద్వితీయార్ధమున పిండివంటల కడుగువారుండరు. ఆమె నష్టపోయినది స్వల్పము. మీ వ్యాపారమునకు మందకొడి నెల యేదో మీకంటె నెవరికిని తెలియదు. దానిని మీరే ముందుగా చెప్పవలెను.

ఇక ధనము సంగతి. జూరీ సేవకు జీతము లేదు. కలుగు నష్టమునకు పరిమితమైన పరిహారము మాత్రము కలదు. కోర్టులో నాలుగు గంటలకు మించి గడపిన దినమునకు 64.95 పౌండ్లకు మించకుండను, నాలుగు గంటలు లేక అంతకు తక్కువైనచో 32.47 పౌండ్లకు మించకుండను, మొదటి పది దినములకు లభించును. విచారణ అంతకంటె సాగినచో పూర్తిదినమునకు గరిష్ఠము 129.91 పౌండ్లగును. సాధారణముగా లేని పిల్లల సంరక్షణవ్యయమును కూడ ఈ పరిమితిలోనే యడుగవలెను. భోజనమునకు దినమునకు 5.71 పౌండ్లు, ప్రయాణమునకు బస్సు, రైలు ఖర్చు వేరుగా నిత్తురు. ఈ రేట్లు చాలకాలముగా మారకున్నవి; అయినను పిలుపుతో వచ్చు సూచనలలోని యంకెలనే మీరు ప్రమాణముగా గొనవలెను. దినమునకు నాలుగువందల పౌండ్లు గడించు కాంట్రాక్టరునకు ఈ పరిహారము చాలదని వేరుగా చెప్పనక్కరలేదు. పదియేండ్లుగా టాక్సీ నడుపు మనిషికి సైతము కారు కిస్తీ, భీమా, లైసెన్సు రుసుము తాను కోర్టులో నున్నను ఆగవు. చట్టమీవిషయమున స్వయముగా బ్రతుకువారికి న్యాయము చేయలేదని నా దృఢాభిప్రాయము. రాజ్యము తనకై పిలిచిన మనిషికి కలుగు వాస్తవనష్టమును భరింపవలెను.

అట్లయినను వచ్చునది వదలుకొనరాదు. సొంత వృత్తివారికై నష్టపరిహారపు ఫారము వేరుగా నుండును; రాబడిని ఋజువు చేయుటకు ఇటీవలి పన్ను రిటర్నుగాని, పన్నుశాఖవారి ఎస్‌ఏ 302 లెక్కగాని, అకౌంటెంటు ఉత్తరముగాని జతపరుపవలెను. పన్ను తగ్గించుకొనుటకై రాబడిని తక్కువగా చూపినవాడు ఇచటను ఆ తక్కువనే చూపగలడు, అంతకు మించి యడుగజాలడు. లిమిటెడ్ కంపెనీ పెట్టుకొని పని చేయు కాంట్రాక్టరుల పరిస్థితి మరింత చిక్కైనది: చట్టము దృష్టిలో కంపెనీ వేరు, డైరెక్టరు వేరు, తాను పుచ్చుకొనునది స్వల్పమైన జీతము, తక్కినది లాభాంశము, కంపెనీకి రావలసిన బిల్లు రాకపోవుటను తన జీతనష్టముగా చూపుట సుకరము కాదు. కావున వారు పిలుపందిన వెంటనే అకౌంటెంటుతో మాటలాడవలెను. కొన్ని వ్యాపారభీమా పాలసీలలో, ముఖ్యముగా న్యాయవ్యయముల భాగమున, జూరీ సేవకు దినభత్యము చేరియుండును. ఏటేట ప్రీమియము కట్టుచు దాని నెరుగనివారే యెక్కువ. పాలసీ కాగితములను ఒకమారు తీసి చదువుడు.

పని నేర్పాటు చేసికొను తీరు కూడ ముఖ్యమే. లెస్టరులో డ్రైవింగు నేర్పు నెల్లూరువాడొకడు, పిలుపు రాగానే శిష్యులందరికిని తెలియజేసి, పరీక్షల తేదీలు దగ్గరపడినవారిని సాయంకాలములకును శనివారములకును మార్చి, తక్కినవారిని రెండు వారములు ముందునకు జరిపెను. కోర్టు సామాన్యముగా ఉదయము పదిగంటలనుండి సాయంకాలము నాలుగున్నర, ఐదు వరకు నడచును. శని, ఆదివారములు విడుపు. ప్రతిదినమును విచారణలో కూర్చుండవలయునని లేదు. పెద్దగదిలో నిరీక్షించుటయే మొదటిదినముల ప్రధానకార్యము. అచట పుస్తకము చదువవచ్చును, లాప్‌టాపుపై నుత్తరములు వ్రాసికొనవచ్చును. కొన్నిదినములు మధ్యాహ్నమే ఇంటికి పొమ్మందురు. విచారణ నెలల తరబడి సాగునదైనచో, జూరరులను తీసికొనుటకు ముందే ఆ సంగతి చెప్పి, ఇబ్బందులేమని యడుగుదురు. ఒక్కడే నడుపుకొను వ్యాపారము మూతబడునన్న మాటను విన్నవించవలసిన సమయ మదియే, సంకోచమక్కరలేదు.

పేర్లు చీట్లవలె తీసి పండ్రెండుమందిని జూరీస్థానములలో కూర్చుండబెట్టినపిమ్మట ప్రమాణము చేయింతురు. భగవద్గీతపై చేయవచ్చును, ఖురానుపై చేయవచ్చును, బైబిలుపై చేయవచ్చును; ఏ గ్రంథమును లేక సత్యప్రతిజ్ఞ చేయవచ్చును. మన యాంగ్లోచ్చారణను గూర్చి సిగ్గుపడ నవసరము లేదు. సాక్ష్యము నర్థము చేసికొనజాలినంత భాషాజ్ఞానము చాలును, అదియు నిజముగా లేనియెడల ఆ మాట న్యాయమూర్తికి తెలిపినచో విడుదల చేయుదురు.

ఒక్క విషయమున మాత్రము మిక్కిలి జాగరూకతతో నుండవలెను. విచారణలోని ముద్దాయినిగాని, సాక్షినిగాని, సంఘటనస్థలమునుగాని ఇంటర్నెట్టులో వెదకుట 2015 నుండి నేరము. రెండేండ్లవరకు కారాగారశిక్ష పడవచ్చును. జూరీగదిలో నెవరేమనిరో, ఎవరెటు మొగ్గిరో విచారణ ముగిసిన తరువాతను, ఎన్నేండ్లు గడచినను చెప్పరాదు. మనవారికి వాట్సాప్ బృందములలో దినచర్య నంతయు పంచుకొను నలవాటు బలముగా నున్నది. ఈ రెండు వారములు భార్యాభర్తల నడుమ సైతము కేసు ప్రసంగము రాకుండుట క్షేమము.

సేవ ముగిసినపిమ్మట పరిహారపు ఫారమును ఆలసింపక పంపుడు. ఆ సొమ్మును లెక్కలలో చూపుటను గూర్చి అకౌంటెంటునడుగుడు. కోర్టువారి కాగితములను భద్రముగా దాచుకొనుడు. జూరరుగా పనిచేసిన రెండేండ్లలోపల మరల పిలుపు వచ్చినయెడల, మినహాయింపు కోరుట మీకు చట్టమిచ్చిన హక్కు. అప్పుడా కాగితములే మీకు సాక్ష్యము.