పాత కంప్యూటరు నాడి: చౌక లాజిక్ అనలైజర్‌తో ఒక పరీక్ష

1981 డిసెంబరులో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరానికి చెందిన ఏకార్న్ సంస్థ బీబీసీ మైక్రో అనే కంప్యూటరును విడుదల చేసినది. ఆ దేశపు ప్రసార సంస్థ ప్రజలకు కంప్యూటరు విద్య నేర్పడానికి తలపెట్టిన కార్యక్రమం కొరకు తయారైన యంత్రమిది. మన దేశంలో 1984-85లో ఆరంభమైన ‘క్లాస్’ పథకం క్రింద పాఠశాలలకు వచ్చినది కూడా ఇదే. నేడు ఇటువంటి యంత్రం ఎక్కడైనా మిగిలి ఉన్నదంటే అది స్టోరు గదిలో దుమ్ము క్రిందనే. స్విచ్చి వేస్తే తెర వెలగదు. అంతటితో పనికిరాదని వ్రాసి, పాత సామానుతో పాటు వేలానికి పంపడం మామూలు. అట్లా పంపడానికి ముందు ఒక పరీక్ష చేసి చూడవచ్చునని మా అభిప్రాయం. అందుకు కావలసిన సాధనం వెయ్యి రూపాయల ప్రాంతంలో దొరుకుతున్నది.

ఇప్పటి కంప్యూటరు కంటే ఈ పాతదే విద్యార్థికి మంచి గురువు. దీని గుండెకాయ 6502 అనే ప్రాసెసర్. దానికి నలభై కాళ్లు. ప్రతి కాలికీ ఒక పని, ప్రతి కాలికీ ఒక పేరు. పదహారు కాళ్లు చిరునామాకు, ఎనిమిది కాళ్లు సమాచారానికి. ఇప్పటి చిప్పులో ఈ తీగలన్నీ లోపలనే అణగి ఉంటాయి. వాటిని తాకే దారి లేదు. ఇక్కడ ప్రతి కాలికీ ఒక క్లిప్పు తగిలించవచ్చు.

లాజిక్ అనలైజర్ అనగా అనేక తీగలలోని సున్నలను, ఒకట్లను ఒకే కాలరేఖ మీద గీచి చూపే పరికరం. 1973లో హ్యూలెట్ పాకర్డ్ సంస్థ ఇటువంటివి అమ్మకానికి తెచ్చినది. నేటి చౌక పరికరం అగ్గిపెట్టె కంటే పెద్దది కాదు. దానికి ఎనిమిది తీగలు. సెకనుకు 2 కోట్ల 40 లక్షల సార్లు ఆ ఎనిమిదింటినీ చూసి, చూసినదంతా యూఎస్‌బీ ద్వారా మామూలు కంప్యూటరుకు పంపుతుంది. గీతలు చూపడానికి పల్స్‌వ్యూ అనే ప్రోగ్రాము ఉచితంగా లభిస్తుంది. తెలుగు చెప్పుకొనే మాకు ఆ గీతలు చూడగానే గురు లఘువులే స్ఫురించినవి. 0.8 వోల్టుల లోపు లఘువు, 2 వోల్టులకు పైన గురువు. అక్షరాలను విడగొట్టి గణాలు కట్టినట్లే ఎనిమిది తీగలను కలిపి ఒక సంఖ్యగా చదువుకోవలె.

ముందుగా ఒక హెచ్చరిక. ఈ యంత్రపు విద్యుత్ సరఫరా పెట్టెలో మెయిన్స్ వడపోత కెపాసిటర్లు ఉంటాయి. వయసు మీరినవి కరెంటు తగలగానే పగిలి, ఘాటైన పొగ చిమ్ముతాయి. వాటిని తెలిసిన వారిచేత మార్పించి, మీటరుతో 5 వోల్టులు సరిగా ఉన్నవని చూసుకొన్న పిదపనే పరీక్షకు పూనుకోవలె. అనలైజర్ భూమి తీగను అన్నిటికంటె ముందు 6502 యొక్క 1వ కాలికి తగిలించవలె.

ఆరోగ్యంగా ఉన్న బీబీసీ మైక్రో స్విచ్చి వేయగానే మొదట ఒక మంద్రస్వరం, వెంటనే హెచ్చుస్వరంలో ఒక ‘బీప్’ వినిపిస్తుంది. మంద్రస్వరమే ఆగకుండా మ్రోగుతుంటే, ధ్వని చిప్పును అణచవలసిన ప్రోగ్రాము నడవలేదన్నమాట. ఇప్పుడు మూడు తీగలు పెట్టవలె: 39వ కాలికి క్లాక్, 40వ కాలికి రీసెట్, 7వ కాలికి సింక్. ప్రాసెసర్ కొత్త ఆజ్ఞను చదివిన ప్రతిసారీ సింక్ పైకి లేస్తుంది. క్లాక్ ఆడుతూ సింక్ కదలకుంటే ప్రాసెసర్ ఎక్కడో చిక్కుకొని నిలిచినది.

తరువాత వచ్చేది అసలు చిక్కు. చూడవలసిన కాళ్లు ఇరవై నాలుగు. మన చేతిలో మిగిలినవి ఐదు తీగలే. ముప్పై నాలుగు తీగల ఖరీదైన పరికరం కొనాలని కొందరు అంటారు. మేము ఒప్పుకోము. బ్రేక్ మీట నొక్కి వదిలిన ప్రతిసారీ ఈ యంత్రం మొదటి అడుగులను ఒకే క్రమంలో వేస్తుంది. కనుక క్లాక్, రీసెట్, సింక్ తీగలను అట్లే ఉంచి, మిగిలిన ఐదింటిని మార్చుకుంటూ ఐదుసార్లు పట్టితే ఇరవై నాలుగు కాళ్లూ చూసినట్లే. ఐదు పటాలను ఒకదాని క్రింద ఒకటి పేర్చవలె. పేర్చేటప్పుడు కాలాన్ని కొలవరాదు, క్లాక్ దెబ్బలను లెక్కించవలె. నెమ్మదైన చిప్పుల వద్దకు పోయినప్పుడు ఈ యంత్రం తన క్లాక్‌ను సాగదీస్తుంది. రీసెట్ వదిలిన క్షణం కూడా ఒక దెబ్బ అటూ ఇటూ కావచ్చు; దానిని సింక్ సరిదిద్దుతుంది. క్లాక్ 2 మెగాహెర్ట్‌జ్‌లు గనుక ఒక్కొక్క దెబ్బకు పన్నెండు నమూనాలు వస్తాయి. క్లాక్ క్రిందికి దిగబోయే ముందరి నమూనాను చదవవలె.

ఏమి కనబడాలి? రీసెట్ తరువాత 6502 పదహారు ఆధారంగా గల లెక్కలో ఎఫ్ఎఫ్ఎఫ్‌సి, ఎఫ్ఎఫ్ఎఫ్‌డి అనే రెండు ఇళ్లను చదివి, అక్కడ దొరికిన చిరునామాకు పోతుంది. ఈ యంత్రపు 1.20 రకం ఆపరేటింగ్ సిస్టంలో ఆ రెండు ఇళ్లలో ఉన్నవి సిడి, డి9. అనగా గమ్యం డి9సిడి. ఇప్పుడు సిడికి బదులు సి9 కనబడినదనుకొందాం. సిడి అనగా 11001101. సి9 అనగా 11001001. తేడా ఒకే ఒక బిట్టు, 31వ కాలిది. డి9లో ఆ స్థానంలో సహజంగానే సున్న ఉన్నది గనుక అక్కడ తప్పు బయటపడదు. గమ్యం నాలుగు ఇళ్లు వెనుకకు జరిగినది. ఆపైన 8డి అనే ఆజ్ఞ 89గా, ఇంకొకటి ఇంకొకటిగా చదువబడి, 02 వంటి అర్థంలేని ఆజ్ఞ ఎదురైతే 6502 శాశ్వతంగా నిలిచిపోతుంది. వ్రాయసకాని చేతిలో ఒక్క సున్న జారి పద్యమంతా చెడినట్లు.

ఇక్కడ చౌక పరికరపు లోటు కూడా చెప్పవలె. రెండు నమూనాల మధ్య 41 నానోసెకన్లకు పైగా ఎడం ఉన్నది. అంతకంటె పొట్టి మెరుపు దీనికి కనబడకపోవచ్చు, చిప్పుకు మాత్రం తగులుతుంది. అంతకంటె పెద్ద లోటు, ఇది అబద్ధమాడగలదు. రెండు చిప్పులు ఒకే తీగను చెరొక వైపు లాగితే వోల్టేజి 1.3 వద్ద తేలవచ్చు. ఈ పరికరం దానిని కూడా నిస్సంకోచంగా సున్నగానో ఒకటిగానో గీస్తుంది. అందువల్ల 31వ కాలి సున్న నిజమైన సున్నయా, పోరాటమా అన్నది ఆసిలోస్కోప్‌లో చూసి తేల్చుకోవలె.

ఆ తరువాత పని సులభం. ఈ యంత్రంలో ఆపరేటింగ్ సిస్టం చిప్పు కాక మరి నాలుగు రోం చిప్పులకు సాకెట్లు ఉన్నవి. విద్యుత్తు ఆపి, అందులో ఉన్నవాటిని ఒకటొకటిగా తీస్తూ, ప్రతిసారీ మరల పట్టి చూడవలె. ఒక చిప్పు తీయగానే 31వ కాలు కదిలి సిడి కనబడితే దోషి దొరికినట్లే. కదలకుంటే ర్యాం వైపు, తీగల మధ్యనున్న బఫర్ చిప్పుల వైపు వెదకవలె. తీసిన చిప్పు సంఖ్యను, తీయడానికి ముందు వెనుకల పటాలను తేదీతో ఒక నోటుపుస్తకంలో అంటించి, ఆ పుస్తకాన్ని యంత్రంతోపాటు ప్రయోగశాలలోనే ఉంచవలె.