పరుగు ఆపకండి, ఆ మాత్రలు ఆపండి

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్ మారథాన్‌కి సిద్ధమవుతున్నాను. రాత్రి పదకొండుకి పడుకుని నాలుగున్నరకి లేచి పరుగెడతాను. ఎక్కువ దూరం పరుగెత్తిన ప్రతిసారీ గొంతునొప్పి, జలుబు. వ్యాయామం మితిమీరితే రోగనిరోధక శక్తి పడిపోతుందని ఇంటర్నెట్‌లో చదివాను. అందుకని ముందుజాగ్రత్తగా మూడు రోజులు అజిత్రోమైసిన్ వేసుకుంటున్నాను. పరుగు మానేయాలా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మానక్కర్లేదు. మీరు చదివినది పుట్టించిన మాటేమీ కాదు. 1987 లాస్ ఏంజెలిస్ మారథాన్ అయిన వారంలో, పరుగెత్తినవారిలో సుమారు 13 శాతం మంది జలుబు చేసిందన్నారు. అలాగే సాధన చేసి పోటీకి దిగనివారిలో 2 శాతమే. గట్టిగా పరుగెత్తాక రక్తంలో లింఫోసైట్లు, అంటే రోగాలతో పోరాడే తెల్లకణాలు, తగ్గడమూ నిజమే. కానీ స్టేషన్లో పోలీసులు కనబడలేదంటే బందోబస్తుకి వెళ్లారనే అర్థం. జంతువుల్లో ఆ కణాలకు గుర్తుపెట్టి వెతికితే ఊపిరితిత్తుల్లో, పేగుల్లో, ఎముక మజ్జలో కనిపించాయి. ఒక రోజులోపే రక్తంలో లెక్క మామూలవుతుంది. పాత ఆధారాలన్నీ తిరగేసి 2018లో బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు క్యాంప్‌బెల్, టర్నర్ వాదించిందీ ఇదే. పైగా లాస్ ఏంజెలిస్ లెక్క రన్నర్లు నోటిమాటగా చెప్పింది, ల్యాబ్‌లో తేల్చింది కాదు. తర్వాత క్రీడాకారుల గొంతు నమూనాలు పరీక్షిస్తే చాలామందిలో ఏ క్రిమీ దొరకలేదు. గంటల తరబడి నోటితో పీల్చిన పొడిగాలికి, దుమ్ముకి, అలర్జీకి కూడా గొంతు మండుతుంది.

మరి నాకే ఎందుకిలా అంటారా? మీ ఉత్తరంలోనే ఉంది, అయిదున్నర గంటల నిద్ర. 2009లో అమెరికాలో 153 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. ఎనిమిది గంటలు, ఆపైన నిద్రపోయేవారికన్నా ఏడు గంటలు కూడా పడుకోనివారికి జలుబు దాదాపు మూడు రెట్లు ఎక్కువగా పట్టుకుంది. ఆ నిద్రతో దూరం ఒక్కసారిగా పెంచడం, ఖాళీ కడుపుతో గంటల కొద్దీ పరుగెత్తడం, పోటీలో వేలమంది మధ్య నిలబడటం కలిస్తే నెపం వ్యాయామం మీదికి పోతుంది.

మాత్ర వేసుకుంటే మూడు రోజుల్లో తగ్గుతోంది కదా అనకండి. జలుబు దానంతటదే తగ్గుతుంది. వైరస్ మీద అజిత్రోమైసిన్ ఏమీ చేయదు. కొందరిలో గుండె లయ తప్పిస్తుంది, మీరేమో అది మింగి మైళ్లు పరుగెడుతున్నారు! టైఫాయిడ్‌కి మనదగ్గర పనిచేస్తున్న కొద్ది మందుల్లో అదొకటి. అయినదానికీ కానిదానికీ వాడి దాన్ని మొద్దుబార్చే హక్కు మీకు లేదు, చీటీ అడగకుండా ఇచ్చిన షాపువాడికీ లేదు. ఈ నెలంతా గంటన్నర ముందు పడుకోండి, దూరం కొంచెం కొంచెంగా పెంచండి. అప్పటికీ తగ్గకపోతే అలర్జీ ఉందేమో డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: ఒళ్లు కాస్త వెచ్చగా ఉంటే పరుగెత్తవచ్చా?

జవాబు: వద్దు. జ్వరం తెచ్చిన వైరస్ ఒక్కోసారి గుండె కండరాన్నీ వాచేలా చేస్తుంది. అప్పుడు పరుగెత్తితే ప్రాణం మీదికి వస్తుంది.