పేదవాడి హక్కు - పేదవాడి గౌరవం

 

కొన్నేళ్ళ క్రితం రమజాన్ నెల చివర ఒక మసీదులో పేదలకు బియ్యం, డబ్బు పంచుతున్నాము. జాబితాలోని పేర్లు మైకులో చదివింది నేనే. అందరూ వచ్చి తీసుకున్నారు. భర్త చనిపోయిన ఒక సోదరి మాత్రం రాలేదు. మరునాడు బియ్యం తీసుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. "మౌల్వీసాబ్! మా అమ్మాయితో చదివే పిల్లలంతా ఆ పేరు విన్నారు. బియ్యం నాలుగు రోజుల్లో అయిపోతాయి. ఆ మాట అయిపోదు" అన్నదామె. నేను సిగ్గుతో తల దించుకున్నాను. మేము ఆమెకు అన్నం ఇవ్వబోయి గౌరవం తీసుకున్నాము.

ఇది దానమా, హక్కా?

మనం తెలుగులో రోజూ వాడే 'హక్కు' అనే మాట అరబీలోని 'హఖ్' నుండి ఉర్దూ ద్వారా వచ్చింది. దివ్యఖుర్ఆన్ ధనవంతుల సంపదలో అడిగేవానికీ, అడగలేని అభాగ్యునికీ ఉన్న భాగాన్ని ఈ మాటతోనే పేర్కొన్నది (51:19, 70:24-25). అంటే జకాత్ ఇచ్చేవాడు ఉపకారం చేయడం లేదు, తన దగ్గరున్న పరుల సొమ్మును వారికి అప్పగిస్తున్నాడు. అప్పు తీర్చేవాడు అప్పిచ్చినవాణ్ణి వరుసలో నిలబెట్టి ఫోటో తీస్తాడా?

అల్లాహ్ ఆదమ్ సంతతి అంతటికీ గౌరవం ప్రసాదించాడు (17:70). అందులో ధనిక, పేద తేడా లేదు. ఎత్తిపొడుపు మాటలతో, మనసు నొప్పించడంతో దానం వ్యర్థమైపోతుందనీ (2:264), రహస్యంగా పేదలకు ఇవ్వడం మరింత మేలనీ (2:271) కూడా ఖుర్ఆన్ మనకు బోధించింది.

ప్రపంచం ఆలస్యంగా గుర్తించిన సత్యం

1948 డిసెంబర్ 10న పారిస్ నగరంలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. ఆ నగరంలోనే 1987 అక్టోబర్ 17న జోసెఫ్ రెసిన్‌స్కీ అనే క్రైస్తవ మతగురువు పిలుపుపై లక్షమందికి పైగా సమావేశమై, కటిక పేదరికం ఉన్నచోట మానవ హక్కులు భంగమైనట్లేనని చాటారు. 1992లో ఐక్యరాజ్యసమితి అక్టోబర్ 17ను పేదరిక నిర్మూలనా దినంగా ప్రకటించింది. మన దేశంలో సుప్రీంకోర్టు 1981లో, జీవించే హక్కు అంటే కేవలం ప్రాణంతో ఉండటం కాదనీ, తిండి, బట్ట, నీడతో గౌరవంగా బ్రతకడమనీ తీర్పు చెప్పింది. ఖుర్ఆన్ పద్నాలుగు శతాబ్దాల క్రితమే ఈ హక్కును ఆరాధనలో భాగం చేసింది.

అసలైన మిస్కీన్ ఎవరు?

ఒకటి రెండు ముద్దల కోసం ఇల్లిల్లూ తిరిగేవాడు కాదు, అవసరాలు తీరకపోయినా ఎవరి కంటా పడనివాడూ, చేయి చాచనివాడే నిజమైన మిస్కీన్ అని దైవప్రవక్త (స) వివరించారు (బుఖారీ, ముస్లిం). మా చోడవరం ప్రాంతంలో (2022 వరకు విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా) చెరకు నరికి బెల్లం వండే రోజుల్లో కూలి దొరుకుతుంది. ఆ పని ముగిశాక అప్పు చేసి పొయ్యి వెలిగించే ఇళ్ళున్నాయి. కానీ పండుగనాడు ఆ ఇంటి మనిషి ఉతికిన బట్టలు కట్టుకుని నవ్వుతూ నమాజుకు వస్తాడు. అతణ్ణి వెతికి పట్టుకోవలసిన బాధ్యత మనది.

ఒకసారి ఒక అన్సారీ సహాబీ సహాయం అడగడానికి వచ్చారు. దైవప్రవక్త (స) ఆయన ఇంట్లో ఉన్న దుప్పటిని, గిన్నెను రెండు దిర్హములకు వేలం వేశారు. ఒక దిర్హముతో ఇంటికి ఆహారం, రెండోదానితో గొడ్డలి కొనిపించారు. గొడ్డలికి స్వయంగా తమ చేతులతో పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకోమన్నారు. పదిహేను రోజుల తర్వాత ఆ వ్యక్తి పది దిర్హములు సంపాదించి వచ్చారు (అబూదావూద్). ఆకలి తీరింది, ఇజ్జత్ కూడా నిలిచింది.

మనం చేయవలసినవి

1. జకాత్ చెల్లడానికి ఇచ్చేవాని సంకల్పం (నియ్యత్) చాలు. "ఇది జకాత్" అని పుచ్చుకునేవానికి చెప్పనవసరం లేదు. ఈదీ అనో, కానుక అనో చెప్పి ఇవ్వవచ్చు.

2. హనఫీ ఫిఖహ్ ప్రకారం సొమ్ముకు పేదవాణ్ణి పూర్తి యజమానిని చేయాలి. దేనికి ఖర్చు పెట్టాడని తర్వాత లెక్క అడగరాదు.

3. అప్పులపాలైనవారికీ జకాత్‌లో వాటా ఉంది (9:60). అప్పు తీర్చండి. కుట్టుమిషనో, తోపుడుబండో కొని ఇవ్వండి.

4. జాబితా ఇద్దరు ముగ్గురు నమ్మకస్తుల దగ్గరే ఉండాలి. మైకూ వద్దు, ఫోటోలూ వద్దు. చీకటి పడ్డాక ఇంటికే చేర్చండి.

5. ముస్లిమేతర పొరుగువారు ఆకలితో ఉంటే ఐచ్ఛిక సదఖాతో ఆదుకోండి. హజ్రత్ ఉమర్ (రజి) బిచ్చమెత్తుతున్న ఒక వృద్ధ యూదునికి బైతుల్‌మాల్ నుండి భృతి ఏర్పాటు చేశారు.

ఆ సోదరి ఇంటికి మరుసటి ఏడు కవరు ఒక పిల్లవాడి చేత పంపించాము. దాని మీద పేరు లేదు. ఆమె తీసుకున్నది.

అల్లాహ్ మనకు పేదల హక్కును చెల్లించే భాగ్యాన్నీ, వారి గౌరవాన్ని కాపాడే బుద్ధినీ ప్రసాదించుగాక! ఆమీన్.