వయసు మీఱిన యాటగాడు – జట్టులో నతని స్థానము

విద్యార్థులారా! పేరుపొందిన యాటగానికి వయసు మీఱినప్పుడు వానితో నేమి చేయవలెననునది జట్టు నడపువారికి మిక్కిలి కష్టమైన ప్రశ్న. ఎప్పటివలె నాడించినచో నతడు అలసి కూలబడును. తొలగించినచో ననేక సంవత్సరములు గడించిన నేర్పు జట్టునకు దక్కకపోవును. ఈ రెంటికిని నడుమ మూడవ మార్గమొకటి కలదు. దానిని గూర్చి యీ వ్యాసమున ముచ్చటింతము.

వయసును లెక్కసేయని యాటగాడనగానే మన జిల్లావారికి సి. కె. నాయుడు గారు జ్ఞప్తికి వత్తురు. వారు 1895వ సంవత్సరమున నాగపురమందు జన్మించిరి గాని, వారి పూర్వులు బందరువారు. 1932లో ఇంగ్లండునందు భారతదేశ మాడిన మొదటి టెస్టునకు వారే నాయకులు. 1945–46 రంజీ ట్రోఫీ తుదిపోటీలో, ఏబది యేండ్లు నిండిన పిదప, హోల్కారు జట్టు పక్షమున బరోడాపై 200 పరుగులు చేసిరి. 1956–57లో నఱువదియొక యేండ్ల వయస్సున ఉత్తరప్రదేశ్ జట్టున నాడిరి. ఇది యాశ్చర్యకరమే. కాని క్రికెట్టులో నొకచోట నిలుచుటకును, మధ్యమధ్య విశ్రమించుటకును వీలుండును. అట్టి వీలు లేని యాటలో నేమి చేయవలెను?

బాస్కెట్‌బాల్ అట్టి యాట. 1891వ సంవత్సరము డిసెంబరులో జేమ్స్ నైస్మిత్ అను నుపాధ్యాయుడు అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డునందు వై.యం.సి.ఏ. వారి శిక్షణ పాఠశాలలో దీనిని కల్పించెను. అంతర్జాతీయ నిబంధనల ననుసరించి ఆటస్థలము పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. ఆట పదేసి నిమిషముల నాలుగు భాగములు. బంతి చేతులు మాఱిన ప్రతిసారియు నాటగాండ్రు ఈ కొననుండి యా కొనకు పరుగిడవలెను. మోకాళ్లకు వయసు వచ్చిన సంగతి యిందు దాగదు. అయినను నీ యాటలో నొక సౌకర్యమున్నది. బయటికి వచ్చినవాడు మరల నెన్నిసార్లైనను లోపలికి పోవచ్చును. కావున పెద్ద యాటగాని బలమును నిమిషములుగా లెక్కించి వాడుకొనవచ్చును.

ఈ లెక్క మన రైతులకు క్రొత్త కాదు. ఎగువ పొలములవారు మొదటనే నీరంతయు వాడుకొనినచో, చేను పొట్టమీదనున్న దినములలో శివారు పొలములకు చుక్క దక్కదు. అందుచేతనే నీరు తక్కువైన యేట కాలువలకు వంతులు పెట్టుదురు. అమెరికా దేశపు ఎన్.బి.ఎ. అను పోటీలలో నొక్కొక్క జట్టు సాధారణముగా 82 ఆటలాడును. ఆ పిమ్మట నేడు ఆటలలో నాలుగు గెలిచినవారు ముందునకు సాగు పోటీలు నాలుగు విడతలు జరుగును. మొదటి 82 ఆటలలోనే బలమంతయు వెచ్చించినవాడు పొట్టమీది పైరునకు నీరు లేని రైతువంటివాడు.

రెండు దృష్టాంతములు చూడుడు. కరీం అబ్దుల్ జబ్బార్ అను మహోన్నతుడైన యాటగాడు లాస్ ఏంజిలిస్ లేకర్స్ జట్టునకు బహుకాలము మూలస్తంభము. అతనికి నలుబది యేండ్లు సమీపించిన 1986–87లో శిక్షకుడు పాట్ రైలీ జట్టు దాడిభారమును యువకుడగు మ్యాజిక్ జాన్సన్‌పైకి మార్చెను. కరీమునకు వచ్చు బంతులు తగ్గినవి. అతని పాయింట్లును దగ్గినవి. అతడు జట్టును విడువలేదు, జట్టును నతనిని విడువలేదు. ఆ సంవత్సరపు తుదిపోటీ ఆఱవ యాటలో, నలుబది యేండ్లు నిండిన యా కరీమే బోస్టన్ జట్టుపై 32 పాయింట్లు చేయగా, లేకర్స్ జట్టు విజేత యయ్యెను. మఱుసటి యేడును వారే గెలిచిరి.

రెండవవాడు శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టువాడగు టిమ్ డంకన్. శిక్షకుడు గ్రెగ్ పోపోవిచ్ 2013–14లో, లీగు ఆటలందు ఏ యాటగానికిని సగటున ముప్పది నిమిషములు పడకుండ పనిని పదిమందికి పంచెను. అక్కడ ఆట నిడివి 48 నిమిషములని గుర్తుంచుకొనుడు. అయినను నా జట్టు 62 ఆటలు గెలిచి లీగులో నగ్రస్థానమున నిలిచెను. తుదివిడతలలో డంకన్ నిమిషములు పెరిగినవి. 38 యేండ్ల డంకన్‌తో నా జట్టు మయామీపై 4–1గా గెలిచెను.

దీనికొక యాక్షేపణ కలదు. 2012 నవంబరులో పోపోవిచ్ మయామీలోని యాటకు ముందు డంకన్ మొదలగు నలుగురిని విశ్రాంతికై యింటికి పంపివేయగా, లీగువారు స్పర్స్ జట్టునకు 2,50,000 డాలర్ల జుల్మానా విధించిరి. పేరుగల యాటగాండ్రను జూచుటకు సొమ్మిచ్చి వచ్చినవారికి ఆశాభంగమయ్యెను. ఆ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. విశ్రాంతి యవసరమే, కాని దాని నెప్పుడు, ఎట్లు, ఎవరికి ముందుగా దెలిపి యియ్యవలెననునదియు వివేకములోని భాగమే.

నా తప్పొకటి చెప్పెదను. కొన్నియేండ్ల క్రిందట నొక పోటీలో పూర్వవిద్యార్థుల జట్టును నేను నడపితిని. అందులో నొకరు నాకంటె పెద్దవారు. ఒకప్పుడు వారి యాట చూచుటకు జనము గోడలెక్కెడివారు. వారిని బయటికి పిలుచుట యమర్యాదయని తలంచి మూడు భాగములు విడువక యాడించితిని. వారును నోరు తెఱచి చాలుననలేదు. నాలుగవ భాగమున పిక్కలు పట్టి వారు నేలపై గూర్చుండిరి. ఓడినందుకు వారు నన్నొకమాటయు ననలేదు. ఇంటికి బోవునప్పుడు మాత్రము, “మొదటనే కూర్చోబెట్టవలసినది తమ్ముడా, చివరకు మిగిలియుందును” అనిరి. వారి గౌరవమును కాపాడితినని యనుకొంటిని. నిజమునకు వారితో ముందుగా మాటాడుటకు నాకు ధైర్యము చాలలేదు.

ఇందుండి మూడు సంగతులు నేర్వదగును. మొదటిది: పెద్ద యాటగానితో ఆటల కాలమునకు ముందే మాటాడవలెను, నడిమధ్య, జనసమక్షమున నిర్ణయము తెలిపిన నది యవమానమగును. రెండవది: అతని పనిని తగ్గించుట మాత్రమే చాలదు, మార్పవలెను. క్రొత్త కోడెను పనికి మరపు రైతు దానిని పాతయెద్దు ప్రక్కను కాడికి గట్టును. ఆ కోడె దుక్కి నేర్చునది పాతయెద్దు నడకను జూచియే. మూడవది: పెద్దవాడు కూర్చుండిన నిమిషములు చిన్నవానికి దక్కును. ఆ నిమిషములలో చిన్నవాడు తప్పులు చేయును; చేయనిండు. పెద్దవాడు శాశ్వతముగా వెడలిన దినమున జట్టును నిలువబెట్టవలసినవాడు వాడే.

బల్లపై గూర్చుండిన బాలురారా, మీ వంతు వచ్చుటకు పెద్దవాడు తప్పుకొనవలెనని కోరకుడు. అతడాడుచుండగా నతని పాదములను గమనింపుడు. తల్లిదండ్రులారా, మీ కుమారుని బయటికి పిలిచినప్పుడు శిక్షకునిపై కోపింపకుడు. చివరి పది నిమిషములకు బలము మిగిల్చుకొనుటయు నాటలోని పనియే.